స్వానుభవం గారి మాపు కర్ర

మా సంపాదకుడు గారు ఏ పరిశోధన వ్యాసాన్నయినా ముందు తన ఒంటి మీద ప్రయోగించి చూసుకుంటే తప్ప అచ్చుకు పంపేవారు కాదు. ఆయనకున్న బలహీనత అదొక్కటే. కానీ మాది ఎర్గొనామిక్స్ పత్రిక. కుర్చీలు, బల్లలు, పనిముట్లు మనిషి నడుమును ఏ విధంగా విరుస్తాయో శాస్త్రీయంగా వివరించడం దాని పని. ఏ కవిత్వ పత్రికకో సంపాదకత్వం వహించి ఉంటే ఆయన వెన్నెముక ఇంకా తిన్నగా ఉండేది. మూడు నెలలకొక సంచిక, సంచికకు ఏడు వ్యాసాలు, వ్యాసానికొక నొప్పి. ఆఫీసులో ఆయనకు మేం పెట్టుకున్న పేరు స్వానుభవం గారు.

క్రేన్ నడిపేవాళ్ల మెడనొప్పి మీద వ్యాసం వచ్చినప్పుడు బల్ల మీద కుర్చీ వేయించి, దాని మీద తాను కూర్చుని, వారం రోజులు మా నడినెత్తుల కేసి చూస్తూ గడిపారు. ఆఫీసు చరిత్రలో అందరం పనిచేసిన వారం అదొక్కటే. శుక్రవారం ఆయన భార్య నాకు ఫోన్ చేశారు.

"బాబూ, మీ సారు రెండు రోజుల్నించీ నా పాదాలతో మాట్లాడుతున్నారు. ఏం వ్యాసం?"

"క్రేనండి, అమ్మగారూ."

"ఎన్ని పేజీలు?"

"పద్నాలుగు."

"అయితే ఆదివారం దాకా ఇంతే," అని పెట్టేశారు.

బస్సు డ్రైవర్ల సీటు మీద వ్యాసం రాసిన ప్రొఫెసరుకయితే స్వయంగా ఫోన్ చేశారు.

"మూడో గంటకు తొడ తిమ్మిరెక్కుతుందని రాశారు. నాకు రెండుంబావుకే ఎక్కింది. సరిచేయండి."

"అది ముప్పైమంది సగటండీ."

"ఆ ముప్పైమందిలో నేను లేను కదా?"

ప్రొఫెసరు సగటును ముప్పై ఒక్కమందికి మార్చి పంపారు.

ఇలా ఉండగా, మా అంతస్తు తుడిచే అక్కకు నడుము పట్టేసింది. ఆరు వారాలు వంగొద్దన్నాడు డాక్టరు. రెండు రోజులు నేల తుడవకపోతే మూడో రోజు వేరే మనిషిని పెడతానన్నాడు బిల్డింగ్ సూపర్‌వైజరు. అక్క మాపు కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి ఈ సంగతి చెబుతుంటే మేమంతా అయ్యోపాపం అంటున్నాం. స్వానుభవం గారు టేపు తీసి కర్ర పొడవు కొలుస్తున్నారు.

"ఇలా ఇవ్వమ్మా. దీని మీద ఒక వ్యాసం ఉంది."

"సార్, ఆవిడ ఉద్యోగం పోయేలా ఉంది," అన్నాను.

"ఉద్యోగాల పేజీ మన పత్రికలో లేదయ్యా," అంటూ చొక్కా చేతులు మడిచారు.

నాకు ఒళ్లు మండింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినట్టు, ఇదేం శాస్త్రం అనుకున్నాను.

మర్నాటి నుంచి ఆయన తుడవడం, అక్క కుర్చీలో కూర్చుని ఆయన ఎన్నిసార్లు వంగారో కాగితం మీద గీతలు గీయడం. మూడో రోజు సూపర్‌వైజరు రానే వచ్చాడు.

"ఏమ్మా, ఆయన తుడుస్తుంటే నువ్వు కూర్చుంటావా?"

"పలకరించకండి, లెక్క తప్పుతుంది," అన్నారు స్వానుభవం గారు బకెట్ వెనక నుంచి. "ఆవిడ పరిశీలకురాలు."

"మరి పని?"

"నేల శుభ్రంగా ఉందా, లేదా?"

సూపర్‌వైజరు వంగి, వేలితో రుద్ది చూశాడు. "ఉంది."

"ఆయన వంగింది రాయకమ్మా," అన్నారు స్వానుభవం గారు.

రెండో వారం చివర అమ్మగారి నుంచి ఫోన్ వచ్చింది.

"బాబూ, మీ సారు ఇంట్లో మంచాల కింద కూడా తుడిచేస్తున్నారు. ఏం వ్యాసం?"

"మాపు కర్రండి."

"ఎన్ని పేజీలు?"

ఉండమని ఫైలు తీశాను. మాపు మీద వ్యాసం లేదు. పాత ఫైళ్లు చూశాను. ఆ నెల టపా అంతా తిరగేశాను. నేల తుడవడం గురించి మాకు ఎవరూ ఒక్క వాక్యం కూడా పంపలేదు.

"పేజీలు తెలియడం లేదండి," అన్నాను.

"పెద్దదే అయ్యుంటుంది. తొందరేం లేదు, వంటగది మిగిలే ఉంది," అని పెట్టేశారు.

తిన్నగా ఆయన దగ్గరికి వెళ్లాను.

"సార్, ఈ మాపు వ్యాసం పంపిందెవరు?"

"పంపుతారు."

"ఎవరు?"

"ఎవరో ఒకరు. ప్రయోగం ముందే అయిపోయి ఉంటే రాసేవాడికి శ్రమ తక్కువ కదా." ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధమాడటంలో ఆయనకు స్వానుభవం లేదు.

"ఇంకా నాలుగు వారాలుంది. మీ నడుము ఆగుతుందా సార్?"

"ఆగదు," అని ఒప్పుకున్నారు. "అయినా ఒక్కడి మీద చేసిన ప్రయోగం శాస్త్రానికి చెల్లదు." మాపు కర్ర నా చేతికొచ్చింది.

"ఆ మూల వదిలేశావు బాబూ," అంది పరిశీలకురాలు, కొత్త కాగితం తీస్తూ.

నా తర్వాత ప్రూఫులు చూసే ఆయన, ఆ తర్వాత బొమ్మలు వేసే ఆయన, చివరి వారం టైపిస్టు. ఆరో వారం ముగిసేసరికి ఆ ఆఫీసులో నడుము తిన్నగా ఉన్న మనిషి అక్క ఒక్కతే. సోమవారం పొద్దున సూపర్‌వైజరు తనిఖీకి వచ్చి, కర్ర పట్టుకుని నిటారుగా నిలబడ్డ ఆమెనూ, కుర్చీల్లో వాలిపోయి మూలుగుతున్న మమ్మల్నీ చూశాడు. ఈ అంతస్తులో పనికొచ్చే మనిషి ఈమె ఒక్కతేనని, మార్చరాదని పుస్తకంలో రాసుకుని వెళ్లిపోయాడు.