తండ్రి ఉండగా తల అందుకున్నవాడు

నారిన్ కొండదారిలో అడవిగేటు కాపలా ఊల్కాన్‌ది. మొగుడు పోయాక ఆ గేటే ఆమెకు తిండి పెడుతోంది. నవ్వితే గేటు దానంతటదే తెరుచుకుంటుందని భయమేమో, ఎవరినీ చూసి నవ్వేది కాదు.

వసంతంలో మాకు వేట నిషేధం. అయినా జిల్లా ఉపాధికారి జాన్‌తోరో కొండమేకను కాల్చి బండిలో వేసుకొచ్చాడు. ఊల్కాన్ గేటు దించి తాళం వేసింది.

"నేనెవరో తెలుసా?"

"తెలుసండీ. పాపం, మేకకే తెలిసినట్టు లేదు."

పోలీసులొచ్చి అతనికి సెల్యూట్ కొట్టి, ఆమెను కసిరి వెళ్లారు. కేసు మాత్రం ఆమె సాక్ష్యం మీద వేలాడుతోంది. "చూడలేదని చెప్పు. లేదంటే గేటు వదులుకో," అని జాన్‌తోరో కబురు పెట్టాడు.

ఆ వారమే మా ఎదురింట్లో మనవడిని తొట్టెలో వేసే వేడుక. వడ్డన ఊల్కాన్‌దే. పిలవని జాన్‌తోరో వచ్చి, ముసలివాళ్లను జరిపి, పెద్దల చోట చతికిలబడ్డాడు. ఆమె ఉడికిన గొర్రె తలను మర్యాద ప్రకారం అందరిలోకీ పెద్దవాడైన సాపర్ తాత దగ్గరికి తీసుకెళుతుంటే, మధ్యలో చెయ్యి చాచి తనే అందుకున్నాడు.

తండ్రి బతికున్నవాడు మాలో ఆ తల ముట్టడు. గదిలో నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది.

సాపర్ తాతకు చూపు తక్కువ. "తల ఎవరు తీసుకున్నారే?"

"జాన్‌తోరో, తాతా."

"అయ్యో, మీ నాన్న బైతిక్ పోయాడా? మాటమాత్రమైనా చెప్పలేదేం?" అంటూ తాత పోయినవాడి కోసం దువా చెయ్యడానికి అరచేతులెత్తాడు. అందరం ఎత్తాం. నవ్వు దాచుకోడానికి నాకూ ఆ చేతులే పనికొచ్చాయి.

"మా నాన్న బతికే ఉన్నాడు," అని గొణిగాడు జాన్‌తోరో.

"మరి తల నీకెందుకురా?"

"తిట్టకు తాతా," అంది ఊల్కాన్. "మేకనూ ఇలాగే తీసుకున్నాడు."

అతను పళ్లెం తోసేసి లేచిపోయాడు. "రేపట్నుంచి గేటు దగ్గర కనపడ్డావో..." అన్నాడు గుమ్మంలోంచి.

బైతిక్ పోయాడన్న కబురు ఆ రాత్రికే ఆయనుండే పొరుగూరు చేరింది. మర్నాడు బైతిక్ ముసలాయన తన కోసం ఏడవడానికొచ్చిన ఆడవాళ్లకు తనే టీ పోసి సాగనంపి, గుర్రమెక్కి గేటు దగ్గరికొచ్చాడు.

"చూసింది చూసినట్టు చెప్పమ్మా. మావాడు నీ గేటు జోలికొస్తే వాడి ఆఫీసు మెట్ల మీదే కూర్చుంటాను. నేను బతికున్నానని ఊరంతా చూస్తుంది."

ఆమె కోర్టులో అలాగే చెప్పింది. జాన్‌తోరోకు జరిమానా పడింది, తుపాకీ పోయింది. గేటు ఊల్కాన్‌కే ఉంది.

ఇప్పటికీ అతను ఆ దారినే వెళతాడు. గేటు ముందు ఆగి హారన్ మోగిస్తాడు. ఊల్కాన్ చేతిలో గిన్నెడు టీ ఉంటే, అది అయ్యాకే లేస్తుంది. ఒక్కోసారి ఇంకో గిన్నె పోసుకుంటుంది.