తోడేలుకు క్షవరం

2004 ఫిబ్రవరిలో నన్ను బెంగళూరు పీణ్యలోని ఒక ఫిల్మ్ బాగుచేసే యూనిట్లో సీనియర్ చెకర్‌గా తీసుకున్నారు. మూడు నెలలు చూసి, పని నచ్చితే పర్మనెంట్ అన్నారు. చెకర్ అంటే రీలు చేత్తో తిప్పుతూ ఎక్కడ చిరిగిందో, ఎక్కడ అంచు రంధ్రాలు తెగాయో చూసి అతికించే మనిషి. అంతకు ముందు పద్నాలుగేళ్ళు గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూటర్ ఆఫీసులో నేను చేసిందీ అదే. థియేటర్ నుంచి తిరిగొచ్చిన ప్రతి ప్రింటూ మా బల్ల మీదికి వచ్చేది. నేను చదివింది ఐదో తరగతి. సర్టిఫికెట్ లేనివాళ్ళకు సీనియర్ చెకరే ఆఖరి మెట్టు. దాని పైన కంప్యూటర్ ముందు కూర్చునే ఇంజనీర్, ఆ పైన మేనేజర్.

నాకిచ్చిన మొదటి పని ‘పున్నమి కోర’ అనే పాత తెలుగు సినిమా. పగలు బడిలో లెక్కలు చెప్పే మాస్టారు పున్నమికి తోడేలుగా మారిపోతాడు, అంతే కథ. విడుదలైనప్పుడు వారం కూడా ఆడలేదు. తరువాత ఉదయం ఆటల్లో, ఆ తరువాత వీడియో క్యాసెట్లలో పిచ్చి అభిమానులు తయారయ్యారు. బెంగళూరు హాస్టళ్ళ పిల్లలు మాస్టారి డైలాగులు ఒకరికొకరు అప్పజెప్పుకునేవాళ్ళు. షాపుల్లో ఏ క్యాసెట్ తీసినా ఒక్కచోటే టేపు అరిగి ఉండేది. మాస్టారు కుర్చీలో కూర్చుని తోడేలుగా మారే నలభై సెకన్లు అవి. అందరూ అక్కడే ఆపి, వెనక్కి తిప్పి చూసేవాళ్ళు. ఇప్పుడు ఒక కంపెనీ ఈ సినిమాను డీవీడీగా తేవాలనుకుంది. ఆ నలభై సెకన్లు సరిగా లేకపోతే డిస్కు ఎవరూ కొనరని వాళ్ళకూ తెలుసు.

డబ్బా తెరిస్తే నెగెటివ్ పులిసిన వాసన వేసింది. ఫిల్మ్ కుళ్ళితే అట్లాగే వెనిగర్ వాసన వేసి, ముడుచుకుపోతుంది. అది ఇక దేనికీ పనికిరాదు. మూడు జిల్లాల నుంచి తెప్పించిన మూడు వాడిన ప్రింట్లు మిగిలాయి. మూడింట్లో బాగున్న ముక్కలు ఏరి ఒక పూర్తి ప్రింటు చేయాలి. రీలు మీద ఒక ఫ్రేములోని బొమ్మకూ, దాని శబ్దానికీ మధ్య ఇరవై ఫ్రేముల దూరం ఉంటుంది. అందుకే బొమ్మ చూసి అతికిస్తే మాట తప్పుతుంది, మాట చూసి అతికిస్తే బొమ్మ ఎగురుతుంది. రెండూ కుదిరే చోటు వెతకడానికి నాకు ఐదు వారాలు పట్టింది. మారే సీను అనంతపురం ప్రింటులో మొత్తం దొరికింది, కాకపోతే నిండా గీతలూ దుమ్మూ. మా కింద అంతస్తులో ప్రెస్సు మిషన్ల షెడ్డు ఉండేది. అవి నడుస్తుంటే మేడంతా అదిరేది. కాబట్టి ఫిల్మును కంప్యూటర్‌లోకి ఎక్కించే పని వాళ్ళ భోజనం గంటలోనే చేసేవాళ్ళం.

ఎక్కించిన తరువాత పని ఇంజనీర్ నీరజది. గుంటూరు పిల్ల, చురుకైనది. దుమ్ము తీసే సాఫ్ట్‌వేర్ రెండు రోజులు నడిపి, మార్చి చివర్లో ఒక సోమవారం మమ్మల్ని పిలిచింది.

“చూడండి ఆంటీ, అద్దంలా వచ్చేసింది!”

చూశాను. కుర్చీ అద్దంలా ఉంది. గోడ అద్దంలా ఉంది. మాస్టారు పళ్ళు బయటపెట్టి గుర్రుమంటున్నాడు గానీ, ముఖం మీద వెంట్రుకల్లేవు. అక్కడక్కడా నల్లటి మరక, అంతే.

“ఏమమ్మా నీరజా, తోడేలుకు క్షవరం చేసి పెట్టినావే!” అన్నాను.

“అదేంటాంటీ, నేనేం చేశాను? డస్ట్ తీసిందంతే.”

మేనేజర్ జయరామప్ప గారు కోలారు మనిషి, మర్యాదస్తుడే గానీ తేదీ అంటే భయం. ఆయన తల గోక్కుని, “క్లీన్‌గానే ఉండాది కదా రత్నమ్మా. వచ్చే వారం బుధవారం కంపెనీ మనిషి వస్తాడు. ఇట్లే ఇచ్చేద్దాం బిడు, వదిలెయ్” అన్నారు.

“గడ్డం లేని తోడేల్ని చూసేదానికి ఎవరు కొంటారు సార్?”

“సరే, అందులో ఏది వెంట్రుకో ఏది మురికో ఎట్ల చెప్తావు? ఆ మెషీన్‌కే తెలీలేదు.”

అనంతపురం ప్రింటు మళ్ళీ వేసి చూశాను. ముఖమంతా మెరిసే తెల్ల చుక్కలు, సన్న గీతలు. ఒక్కో ఫ్రేములో ఒక్కో చోట ఉన్నాయి. ఒక్క ఫ్రేములో కనిపించి పక్క ఫ్రేములో లేనిదాన్ని దుమ్ముగా లెక్కగట్టడమే ఆ సాఫ్ట్‌వేర్ పద్ధతి. దానికి తెలిసింది అది చేసింది. ఇక తెలిసిన మనిషిని అడగాలి. సినిమా చివరి పేర్లలో మేకప్ అని ఒక్క పేరే ఉంది. గాంధీనగర్‌లో పాతవాళ్ళను అడిగితే, ఆ మస్తాన్ సాహెబు దొడ్డబళ్ళాపురంలో నాటకాలవాళ్ళకు విగ్గులు కడుతున్నాడని చెప్పారు. మరుసటి రోజు సెలవు పెట్టి బస్సెక్కాను.

ఆయన గుమ్మంలో కూర్చుని గడ్డం అల్లుతున్నాడు. విషయం చెప్పగానే పక్కింటివాళ్ళకు వినబడేట్టు నవ్వాడు.

“మూడు దినాలు గొరిగించుకోకుండా కూర్చోబెట్టి అంటిస్తే, మీరు మూడు నిమిషాల్లో గొరిగేసినారా?”

“అందుకే వచ్చినానన్నా. ఆ మెరిసేది ఏమి?”

“పట్టు, చెల్లెమ్మా! ఇక్కడ మగ్గాల కాడ పారేసే పట్టు పీచు. నల్లరంగు వేసి అంటించినాను. వెంట్రుక కొనేదానికి ప్రొడ్యూసర్ దుడ్డు యాడ ఇస్తాడు? పట్టు కదా, లైటు పడితే మెరుస్తాది.”

ఎట్లా తీశారో కూడా చెప్పాడు. నటుడి తలను వెనక నుంచి కొయ్య చట్రంలో బిగించి, ఒక్క ఫ్రేము తీసి కెమెరా ఆపేవాళ్ళట. ఈయన కొంచెం పీచు అంటించి, ఉన్నదాన్ని దువ్వెనతో కదిలించేవాడు. మళ్ళీ ఒక్క ఫ్రేము. వెంట్రుకలు ప్రాణమున్నట్టు పెరగాలని అట్లా చేశారు. మెరుపు ఒక్క ఫ్రేములోనే ఎందుకుందో నాకు అప్పుడు అర్థమైంది.

“దువ్వింది ఎటు దిక్కుకు?”

“చెవి కాడ నుంచి గడ్డానికి కిందికే. ఎడమ చెంప ఎడమకు, కుడి చెంప కుడికి. ముక్కు మీదా, కనురెప్పల మీదా ఏమీ పెట్టలేదు, బంక మండుతాదని ఆయప్ప ఒప్పుకోలేదు. అక్కడేమన్నా కనిపిస్తే మీ మురికే.”

తిరుగు బస్సులో ఆ మాటలే మనసులో పదిసార్లు చెప్పుకున్నాను. దువ్విన దిక్కుకు పడుకున్న సన్న మెరుపు పట్టు. దిక్కు లేని గుండ్రటి చుక్క దుమ్ము. పై నుంచి కిందికి నిలువుగా, చాలా ఫ్రేముల్లో ఒకేచోట సాగేది గీత. ముక్కు మీద ఏదున్నా తీసేయాలి.

బుధవారం పొద్దున జయరామప్ప గారికి చెప్పాను. ఆయన కాలెండర్ చూశారు. “ఏడు దినాలుండాయి. ఆదివారం కూడా వస్తారా? కాకపోతే నీరజ కాపీనే పోతాది. తరువాత నన్ను అనొద్దు.”

సెకనుకు ఇరవైనాలుగు ఫ్రేములు, నలభై సెకన్లకు తొమ్మిదివందల అరవై. రోజుకు నూట నలభై చూస్తే సరిపోతుంది. నీరజ మొదట మొహం ముడుచుకుంది. తన పని పాడు చేశానని కోపం.

“ఒక్కో ఫ్రేమూ చేత్తోనా ఆంటీ? ఇందుకా నేను బీటెక్ చదివింది?”

“మెషీన్‌కు చెప్పేదానికి నువ్వుండావు. నీకు చెప్పేదానికి నేనుండాను. కూర్చో తల్లీ.”

ఆ పిల్ల మౌస్ పట్టుకుంటే నేను పక్కన స్టూలు మీద కూర్చుని, పెన్సిల్ కొనతో తెర మీద చూపించేదాన్ని. “ఉండనీ. తియ్యి. తియ్యి. ఉండనీ.” మొదటి రోజు అరవై కూడా కాలేదు. కళ్ళలో నీళ్ళు కారాయి. రెండో రోజు తొంభై. మూడో రోజుకు నేను నోరు తెరవకముందే నీరజ “ఇది ఉండాలి, కిందికి దువ్వింది” అనడం మొదలుపెట్టింది. తరువాత తానే ఒక ఉపాయం చెప్పింది. ముక్కు, కళ్ళు, గోడ, కుర్చీ సాఫ్ట్‌వేర్‌కు వదిలేసి, చెంపలూ గడ్డమూ మాత్రం చేత్తో చేద్దామంది. ఆ మాటతో వేగం రెట్టింపైంది. మంగళవారం సాయంత్రానికి ఆఖరి ఫ్రేము ముగిసింది.

బుధవారం కంపెనీ మనిషి వచ్చి మా కాపీ చూశాడు. “రెండు చోట్ల గీత ఉండిపోయిందే?” అన్నాడు. నిజమే, ఆ గీతలు వెంట్రుకల్లో కలిసిపోయాయి, తీస్తే ముఖం పోతుంది. జయరామప్ప గారు నా వైపు ఒకసారి చూసి, నీరజ ముందు చేసిన కాపీ వేశారు. అతను సగం చూసి చెయ్యి ఎత్తాడు.

“దీంట్లో తోడేలు ఎక్కడుండాడప్పా? ముందు చూపించిందే ఇవ్వండి.”

డిస్కు వచ్చాక ఒకటి తీసుకుని దొడ్డబళ్ళాపురం వెళ్ళాను. మస్తాన్ సాహెబు మనవడి టీవీలో రెండుసార్లు వేయించుకుని చూశాడు. బాగుందన్నాడు. “చెవి పైన నిక్కబొడుచుకున్న వెంట్రుకలు ఏమైనాయి? అవి పైకి దువ్వినాను కదా” అన్నాడు. కిందికి దువ్వింది కాదని వాటిని నేనే తీయించాను. ఇరవై ఫ్రేముల దాకా ఉంటాయి. ఆ రోజు గుమ్మంలో చెంపల గురించి అడిగాను, చెవుల గురించి అడగలేదు.

ఆ సినిమాకు ముందు మా యూనిట్లో ప్రతి రీలుకూ ఒక కాగితం ఉండేది. దాని మీద తీయాల్సినవి మాత్రమే రాసేవాళ్ళం. పర్మనెంట్ అయిన నెలలో, తీయకూడనివి రాయడానికి ఇంకో కాగితం పెట్టించాను. సినిమా తీసినవాళ్ళలో ఒక్కరైనా బతికి ఉంటే ముందు వాళ్ళను అడిగి అది నింపాలి. ముఖం ఉంటే నుదురు, చెవులు, మెడ, ఏదీ వదలకుండా అడగాలి. ఆ కాగితం నిండకుండా కంప్యూటర్ ముట్టుకోకూడదని రూలు. నేను రిటైరయ్యేదాకా ఆ రూలు నడిచింది.