మోకాలి మీద సుద్ద చుక్క

మా వాలీబాల్ కోచ్ సార్ పోయారని, తార్నాకలో బస్సు కోసం నిలబడి ఉండగా ఫోనొచ్చింది. చేసింది సీతాఫల్‌మండి పిల్ల. ఒకప్పుడు యూనివర్సిటీ జట్టు కోసం నాతో పోటీ పడిన మనిషి, ఇప్పుడు అక్కడే కోచ్. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఏడుపు కంటే ముందు నాకు కుళ్ళు వచ్చింది. ఈ కబురు కూడా ఆమెకే ముందు తెలియాలా?

సార్ చొక్కా జేబు ఎప్పుడూ సుద్దముక్కతో తెల్లగా ఉండేది. జట్టులోకి తీసుకునే ముందు మా మోకాలిచిప్పల మీద చెరో చుక్క పెట్టి, గ్యాలరీ మెట్టు మీంచి దూకించేవారు. కాళ్ళు నేలకు తాకగానే చుక్కలు దగ్గరకు జరిగితే ఆట బంద్.

"మోకాళ్ళు లోపలికి పోతున్నయ్ బిడ్డా. గిట్ల దుంకితే లిగమెంట్ తెగుతది. ఆడపిల్లలకు ఇంకా జల్ది తెగుతది."

సీతాఫల్‌మండి పిల్ల చుక్కలు జరిగాయి. నావి తిన్నగా నిలిచాయి. నాకు జట్టులో చోటు దొరికింది, ఆమెకు సార్ దొరికారు. రోజూ పొద్దున ఆమెకు విడిగా తొడలు గట్టిపడే కసరత్తు, మెత్తగా దిగడం నేర్పేవారు. ఇంటి నుంచి తెచ్చిన ఉడకబెట్టిన పల్లీలు కూడా ఆమెకే. చూడలేక ఉడికిపోయేదాన్ని. సార్ నన్నూ చూడాలని, అందరూ వెళ్ళాక కూడా ఒక్కదాన్నే ఎగిరి బంతి కొడుతూ సాధన చేసేదాన్ని. అలా కాళ్ళు పీకుతున్న ఒక సాయంత్రం ఎగిరి దిగాను. మోకాలు లోపలికి వాలింది, టప్పుమని వినబడింది. మళ్ళీ ఆడలేదు.

ఆస్పత్రిలో సార్ తల వంచుకుని నిలబడ్డారు. "తప్పు నాదే బిడ్డా. నువ్వు మంచి దమ్ము మీదున్నప్పుడు చూసిన. అలసిపోయినంక దుంకించి చూడలే."

నా కుళ్ళు సంగతి నేను చెప్పలేదు. ఆ తప్పు ఆయన మీదే ఉంచేశాను. ఇక చెప్పే వీలు లేదు.

అంత్యక్రియలయ్యాక ఇద్దరం మైదానానికి వెళ్ళాం. ఆట ముగించి రొప్పుతున్న పిల్లల మోకాళ్ళకు ఆమె చుక్కలు పెట్టి, మళ్ళీ మెట్టెక్కించింది. పిల్లలు ఆ రెండోసారి దూకే పరీక్షను ఒక పేరుతో పిలుస్తూ అరిచారు. నా పేరు.

"సార్ పెట్టిండే. నీ కాలు పోయినకాన్నుంచి, అలసినంక రెండోసారి దుంకించనిదే ఎవ్వర్నీ ఆడనియ్యలే. రోజూ నీ పేరే. నాకైతే మస్తు కుళ్ళు పుట్టేది," అందామె.

మెట్టు మీంచి ఒక పిల్ల దూకింది. చుక్కలు రెండూ తిన్నగా నిలిచాయి. ఆ పిల్లను చూసినా నాకు అసూయే కలిగింది.