రెండు ఆదివారాల మధ్య రోమ్

మన కిరాణా షాపు కౌంటర్ ఆంటీ పోయి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. ఇంకొంత కాలం ఆగి, మనసు కాస్త కుదురుకున్నాక రాద్దామనుకున్నాను. కానీ రోమ్‌లో ఆవిడ పేరు మీద ఉన్న మూడు మంచాల గదిని ఉంచుకుంటామో వదిలేస్తామో డిసెంబరు పదిహేనులోగా చెప్పాలి. ఆ లోపల వచ్చే మన తెలుగు సంఘం పత్రిక సంచిక ఇదొక్కటే. అందుకని ఇప్పుడే రాస్తున్నాను.

ఇక్కడ న్యూజెర్సీలో, పిస్కాటవేలో చదువుకున్న, ఉద్యోగం చేసిన తెలుగువాళ్ళలో ఆవిడ చేతి మీదుగా కందిపప్పు కొనని వాళ్ళు తక్కువ. రెండో కౌంటర్ ఆవిడది. పక్కన స్టూలు ఉన్నా కూర్చునేవారు కాదు. స్వెట్టర్ మీద షాపు ఏప్రన్, ముక్కు మీదకి జారే కళ్ళజోడు. ఆ మంగళవారం ఉదయం ఆవిడ పనికి రాలేదు. ఫోన్ ఎత్తలేదు. షాపు ఓనర్ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళి మేనేజర్ చేత తలుపు తీయించారు. నిద్రలోనే పోయారని డాక్టర్ చెప్పారట.

నాకు ల్యాబ్‌లో ఉండగా మెసేజ్ వచ్చింది. చదివి ఫోన్ కోటు జేబులో పెట్టుకున్నాను. ముందున్న సీసాలన్నిటికీ లేబుల్స్ అంటించడం పూర్తి చేశాను. సాయంత్రం షాపుకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియక రెండు కట్టలు కొత్తిమీర కొన్నాను. అది ఫ్రిజ్‌లో నల్లబడిపోయింది. ఇంకా పారెయ్యలేదు. ఏడుపు ఇప్పటిదాకా రాలేదు. వస్తుందో రాదో కూడా తెలియడం లేదు. గుర్తున్నవి గుర్తున్నట్టు రాస్తాను.

రెండేళ్ళ క్రితం, నా ఎంఎస్ అయిపోయి ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి మీద మొదటి ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆంటీ నా బియ్యం బస్తా స్కాన్ చేస్తూ అడిగారు.

"థాంక్స్‌గివింగ్‌కి ఎక్కడికెళ్తున్నావమ్మాయ్?"

"ఎక్కడికీ లేదాంటీ."

"పోయిన సమ్మర్‌కి?"

"ఇంటర్న్‌షిప్."

"సరే, పుట్టాక ఎప్పుడైనా పని లేకుండా ఎక్కడికైనా వెళ్ళావా?"

నా వెనక లైన్‌లో నలుగురున్నారు. అయినా నిలబడి ఆలోచించాను. మా అమ్మానాన్నలు నల్గొండ వైపు పత్తి చేలల్లో కూలికి వెళ్తారు. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేనే. మండలానికి వెళ్ళింది హాల్ టికెట్ కోసం. హైదరాబాద్ వెళ్ళింది కౌన్సెలింగ్‌కి, సర్టిఫికెట్లకి, వీసాకి. అమెరికా వచ్చింది చదువుకి. ఊరికే వెళ్ళడం అనేది మా ఇంట్లో ఎవరూ చేసిన పని కాదు.

"లేదాంటీ" అన్నాను.

"అయితే జనవరి ఆఖరి వారం లీవ్ పెట్టు. నాతో రోమ్ వస్తున్నావు. నెక్స్ట్ ఎవరమ్మా, రండి."

ఆంటీ ఏటా అలా ఒకరిని తీసుకెళ్ళేవారని నాకు తర్వాత తెలిసింది. పదిహేనేళ్ళ క్రితం గుంటూరు వెళ్ళొస్తూ చవక టికెట్ కొన్నందుకు రోమ్ విమానాశ్రయంలో పధ్నాలుగు గంటలు ఆగాల్సి వచ్చిందట. ఖాళీగా కూర్చోలేక రైలెక్కి ఊళ్ళోకి వెళ్ళారట. "అంతకుముందు నేను చాలాచోట్లకి వెళ్ళొచ్చాను. కానీ ఏదీ చూళ్ళేదు" అనేవారు. కౌంటర్ జీతంతో ఏడాదికి ఒక వారం. ప్రతిసారీ అదే ఊరు. వేరే ఊరు ఎందుకు చూడరని అడిగితే, "ఇదింకా అవలేదు" అనేవారు.

ఆవిడ పద్ధతి అంతా రెండు ఆదివారాల మీద నడిచేది. నెలలో ఆఖరి ఆదివారం వాటికన్ మ్యూజియంకి టికెట్ ఉండదు. నెలలో మొదటి ఆదివారం కలోసియంకీ, ప్రభుత్వ మ్యూజియంలకీ టికెట్ ఉండదు. జనవరి ఆఖరి ఆదివారానికీ ఫిబ్రవరి మొదటి ఆదివారానికీ మధ్య సరిగ్గా వారం. చలికాలం కాబట్టి విమానం చవక, గది చవక. మధ్యలో ఉన్న ఆరు రోజులూ చర్చిలు, వీధులు, మెట్లు. వాటికెవరూ టికెట్ పెట్టలేదు.

బయలుదేరేముందు నా వీసా కోసం న్యూయార్క్ తీసుకెళ్ళాల్సిన కాగితాల బొత్తి చూసి ఆంటీ నవ్వారు. "నాకు ఒక్క అమెరికా పాస్‌పోర్ట్ చాలు. నీకేమో పెళ్ళి కార్డులంత కట్ట."

రైల్వే స్టేషన్‌కి పది నిమిషాల దూరంలో చర్చి సిస్టర్లు నడిపే అతిథి గృహంలో దిగాం. మంచాలు సన్నగా ఉన్నాయి, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. పొద్దున్నే వీధి చివర కాఫీ. అక్కడ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, బల్ల దగ్గర కూర్చుంటే ఇంకో ధర. కాళ్ళు నొప్పిగా ఉండి నేను కుర్చీ లాగబోతే ఆంటీ నా మోచెయ్యి పట్టుకున్నారు. "నిలబడితే కాఫీ. కూర్చుంటే అద్దె."

వాటికన్ క్యూలో మూడు గంటలు నిలబడ్డాం. ఆంటీ సంచిలోంచి చెక్కలు తీసి నాకిచ్చి, ముందున్న పోలండ్ దంపతులకీ ఇచ్చారు. వాళ్ళు మాకు ఆపిల్ ముక్కలిచ్చారు. ఆవిడలో నచ్చనివి లేవని కాదు. ఎవరికోసమూ ఆగకుండా గబగబా నడిచేవారు. డబ్బులిచ్చి టాయిలెట్‌కి వెళ్ళడం మహాపాపం అన్నట్టు చూసేవారు. నేను ఫోన్‌లో మ్యాప్ చూస్తే విసుక్కునేవారు. ఒక చర్చిలో నేను తల దించుకుని, టికెట్టు లేకపోయినా ఈ ప్రయాణానికి ఎంతవుతోందో, అదే ఇంటికి పంపితే ఏమేం వచ్చేవో మనసులో లెక్కేసుకుంటున్నాను. ఆవిడకి తెలిసిపోయింది.

"మీ అమ్మకి ఈ నెల పంపాల్సింది పంపావా?"

"పంపానాంటీ."

"అయితే తలెత్తు. పైకప్పు అక్కడుంది."

మూడో రోజు నేను ఒక తప్పు చేశాను. అన్నం లేకుండా ఉండలేనని ఆంటీకి చెప్పకుండా చిన్న రైస్ కుక్కర్ పెట్టెలో పెట్టుకొచ్చాను. ఇటలీ కరెంటు ఇండియా కరెంటులాంటిదే, మన సామాన్లు పనిచేస్తాయి అని ఎక్కడో చదివాను. చదివింది నిజమే. కానీ నా కుక్కర్ ఇండియాది కాదు, పిస్కాటవే పక్కన ఎడిసన్‌లో కొన్నది, సగం వోల్టేజీ ఉండే అమెరికా కరెంటుకి చేసింది. మన సామాను అనగానే అది మన ఊరి నుంచే వచ్చిందన్నట్టు అనుకున్నాను. సాయంత్రం బియ్యం కడిగి, ప్లగ్గుకి ఇటలీ పిన్ను తగిలించి స్విచ్ వేశాను. టప్‌మంది. కాలిన వాసన. మా అంతస్తులో లైట్లన్నీ పోయాయి.

చీకట్లో ఆంటీ గొంతు వినిపించింది. "ఎంఎస్ దేంట్లో చేశావమ్మాయ్?"

"ఫార్మాలో ఆంటీ."

"అయితే పర్లేదు."

టార్చి పట్టుకుని పెద్ద సిస్టర్ వచ్చారు. బయటికి పొమ్మంటారనుకున్నాను. ఆవిడ కుక్కర్ మూత తీసి తడి బియ్యం వైపు చూశారు, నా వైపు చూశారు, గిన్నె తీసుకుని కిందికి వెళ్ళిపోయారు. అరగంట తర్వాత పిలిచారు. వాళ్ళ పద్ధతిలో వెన్న వేసి, కొంచెం పలుకుగా వండారు. ఆంటీ కందిపొడి డబ్బా తెచ్చి, ఒక ముద్ద కలిపి సిస్టర్ చేతిలో పెట్టారు. సిస్టర్ దగ్గారు. కళ్ళు తుడుచుకున్నారు. మళ్ళీ చెయ్యి చాపారు. ఆ రోజు నుంచి వాళ్ళ వంటింట్లో ఒక పొయ్యి మాకు ఇచ్చారు. హోటల్ తిండి ఖర్చు తప్పింది. మర్నాడు నేను క్షమించమని అడిగితే ఆంటీ, "నేను పదమూడేళ్ళు బతిమాలినా దొరకని పొయ్యి, నువ్వు ఒక్క పూటలో సంపాదించావు" అన్నారు.

నాలుగో రోజు మధ్యాహ్నం వీధి పక్క కుళాయి దగ్గర నీళ్ళు తాగుతున్నాం. అక్కడి వీధి కుళాయిలు ఎప్పుడూ పారుతూనే ఉంటాయి. కింది మూతికి వేలు అడ్డం పెడితే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్ళు నోటికి ఎగురుతాయి. అప్పుడు అమ్మ ఫోన్ చేసింది.

"యాడున్నవ్ బిడ్డా?"

"రోమ్‌ల ఉన్ననే. ఇటలీ."

"ఆఫీసోళ్ళు పంపిన్రా?"

"లేదమ్మా."

"మల్ల పరీక్షనా?"

"కాదే. ఊరికే వచ్చిన. చూడనీకి."

అమ్మ వెనక ఎవరో మేకని అదిలిస్తున్నారు. నేను తిట్టు కోసం ఎదురుచూశాను. "ఊరికేనా" అంది అమ్మ. ఆ మాటని నోట్లో వేసుకుని చూసినట్టు ఇంకోసారి అంది. తర్వాత, "మంచిగ చూడు మరి. ఆగమాగం చూసి రాకు. నాకు మల్ల చెప్పాలె" అంది.

ఆంటీ ఫోన్ లాక్కున్నారు. "వదినగారూ, మీ అమ్మాయి నీళ్ళు తాగుతోంది. డబ్బులిచ్చి కాదు లెండి, కుళాయి నీళ్ళే."

"గట్లయితే మంచిదే వదినె" అంది అమ్మ.

ఇంటికొచ్చాక అమ్మకి రోజుకో చోటు చొప్పున ఫోన్‌లో చెప్పాను. అప్పటిదాకా అమ్మకి నేను చదివి వినిపించినవన్నీ బస్సు బోర్డులు, రేషన్ కార్డులు, మందుల చీటీలు.

పోయిన జనవరిలో ఆంటీ ఇంకొకరిని తీసుకెళ్ళారు. ఈసారికి షాపు వెనక కిచెన్‌లో చపాతీలు చేసే అక్కని ఎంచుకున్నారు. కరీంనగర్ అక్క. పదకొండేళ్ళుగా ఇక్కడ ఉంది. ఈ వీసా పనికి తప్ప న్యూజెర్సీ దాటలేదు. నన్ను కూడా మళ్ళీ రమ్మన్నారు, "పొయ్యి నీ పేరు మీదే ఉంది కదా" అని. అక్కకీ నాకూ వీసాలు వచ్చాయి. అక్క లీవ్ తీసుకుంది, పెట్టె కొంది.

ఆంటీ పోయిన వారానికి సిస్టర్‌కి ఈమెయిల్ రాశాను. ఆంటీ కోసం ప్రార్థన చేశామని, గదిని పదిహేను దాకా ఎవరికీ ఇవ్వకుండా ఉంచుతామని, ముగ్గురి పేర్లూ పంపమని జవాబు వచ్చింది. గది అద్దె ముగ్గురు పంచుకుంటేనే అక్కకీ నాకూ కుదురుతుంది. ఇద్దరమే అయితే కుదరదు. ఆ సంగతి మాట్లాడటానికి కిచెన్‌కి వెళ్ళాను. అక్క పిండి పిసుకుతూ నా వైపు చూడలేదు.

"ఆంటీ లేకుంట నేనేం పోత? అక్కడ నాకు తొవ్వ తెల్సా, మాట తెల్సా?"

"నేనున్నా కదక్కా. తొవ్వ నాకు తెల్సు."

"నువ్వా? ఊరంత కరెంటు తీసేసినదానివి!"

"ఊరంత కాదు, ఒక్క అంతస్తే."

అక్క నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసి, మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. నేను చూస్తూ నిలబడ్డాను. అక్కకి ఏడుపు వచ్చింది, నాకు రాలేదు అనుకున్నాను.

"మూడో మనిషి దొరికితే వస్త" అంది. "దొరకకుంటే పెట్టె వాపస్ ఇస్త. బిల్లు దాచిన."

చివరిగా ఒక్కటి చెప్పాలి. మా ప్రయాణంలో శనివారం, పియాజ్జా నవోనా అనే పెద్ద కూడలి దగ్గర ఒక చర్చికి వెళ్ళాం. పక్క గదిలో గొప్ప బొమ్మ ఉంది, కానీ చీకటి. గోడకి ఒక పెట్టె. నాణెం వేస్తే ఒక నిమిషమో ఎంతో లైటు వెలుగుతుంది. నేను పర్సు తీశాను. ఆంటీ ఆపారు. "ఆగు. ఎవరో ఒకరు వేస్తారు." ఇరవై నిమిషాలు చీకట్లో నిలబడ్డాం. చివరికి ఒక జపాన్ కుర్రజంట వచ్చి వేశారు. బొమ్మలో ఒక తల్లి, బిడ్డ. వాళ్ళ ముందు మోకాళ్ళ మీద ఇద్దరు ముసలివాళ్ళు. వాళ్ళ అరికాళ్ళు మన వైపే ఉన్నాయి. మట్టి పట్టి, పగిలి, అచ్చం చేలోంచి వచ్చిన మా అమ్మ కాళ్ళలా. నేను అవే చూస్తుండగా లైటు ఆరిపోయింది. జంట వెళ్ళిపోయింది. గుమ్మంలోంచి ఒక ముసలాయన కర్ర పొడుచుకుంటూ వచ్చి, చీకట్లో ఏమీ కనపడక నిలబడ్డాడు. ఆంటీ తన చిన్న పర్సు విప్పి, వెతికి, నాణెం వేశారు. లైటు వెలిగింది. ఆవిడ మాత్రం బొమ్మ వైపు తిరగలేదు. పెట్టె పక్కన గోడకి ఆనుకుని, ఒక కాలు బూటులోంచి తీసి మడమ రుద్దుకుంటూ, ఆ ముసలాయన చూడటాన్ని చూస్తూ నిలబడ్డారు.

జనవరి ఆఖరి ఆదివారానికి రోమ్‌లో మూడో మంచం ఖాళీగా ఉంది. అమెరికా పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి వీసా అక్కర్లేదు. బాగా నడవాలి. ఇంతవరకూ ఊరికే ఎక్కడికీ వెళ్ళనివాళ్ళయితే ముందు మీకే. వచ్చేటట్టయితే డిసెంబరు పదిహేనులోగా షాపు కిచెన్‌లో అక్కకి చెప్పండి. ఆవిడ పొద్దున తొమ్మిది నుంచి అక్కడే ఉంటుంది.