పులుసు కేకతో పటాన్‌చెరు చేరిన ఆదివారం

పోయిన నెల ఒక సన్మాన సంచిక నా చేతికి వచ్చింది. ఒకప్పుడు మా సైకిల్ పోటీల సంఘానికి కార్యదర్శిగా ఉన్న పెద్దమనిషికి శాలువా కప్పి, ఆ సందర్భంగా అచ్చువేసిన పుస్తకం అది. అందులో ఆయన తన జ్ఞాపకాలు రాసుకున్నారు. పటాన్‌చెరు ఫ్యాక్టరీల మధ్య నుంచి ఒక పేద కుర్రాణ్ణి తానే వెతికి పట్టుకుని రాష్ట్ర జట్టులో నిలబెట్టానని అందులో ఒక పేరా ఉంది. ఆ కుర్రాణ్ణి నేనే. నాకిప్పుడు అరవై దాటాయి. ఇల్లంతా పుస్తకాలు, వాటిలో సగం ఆత్మకథలు. మనుషులు తమ గురించి ఎంత నింపాదిగా అబద్ధాలు రాస్తారో నాకు తెలుసు. అయినా ఆ పేరా చదివిన రాత్రి మాత్రం అన్నం సహించలేదు. సరిగ్గా అదే వారంలో ఈ బ్లాగు చదివే ఇద్దరు ముగ్గురు పిల్లలు, పటాన్‌చెరు నుంచి సంగారెడ్డికి సైకిల్ మీద వెళ్లిరావాలంటే దారి ఎలా ఉంటుందని అడిగారు. ఆ దారి గురించి చెప్పాలంటే ఎనభైల మొదట్లో నేను దాని మీద పందెం తొక్కిన ఒక్క రోజు గురించి చెబితే చాలు. రెండు పనులూ అయిపోతాయి.

ముందు దారి. పటాన్‌చెరు బస్టాండు నుంచి బయల్దేరితే ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది, ఆ తర్వాత సంగారెడ్డి చౌరస్తా. వెళ్లి రావడం యాభై కిలోమీటర్లు దాటుతుంది. మొత్తం బొంబాయి హైవేనే. ఇప్పుడు రోడ్డు వెడల్పయింది, కంది దగ్గర పొలాల పక్కన పెద్ద చదువుల క్యాంపస్ వచ్చింది. అప్పుడు రెండు లారీలు ఎదురుపడితే సైకిలువాడు మట్టిలోకి దిగాల్సిందే. పందెం లేని రోజున తీరిగ్గా తొక్కితే రెండున్నర గంటలు పట్టేది. కందిలో ఆగి టీ తాగితే ముప్పై పైసలు.

మేము కృష్ణా జిల్లా నుంచి వచ్చి పటేల్‌గూడలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. నాన్న పటాన్‌చెరు దాటాక ఇస్నాపూర్ వైపు ఉన్న ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్. కాలేజీ లేని రోజుల్లో నేను నాన్న క్యారియరూ, చుట్టుపక్కల ఇళ్లవాళ్లవి మరో ఐదూ హ్యాండిల్‌కి తగిలించుకుని పన్నెండున్నర సైరన్ మోగేలోపు గేటు దగ్గర చేర్చేవాణ్ణి. దారి పొడవునా జనం. బ్రేకు గట్టిగా వేస్తే కూరలు ఒలుకుతాయి, వేయకపోతే మనిషికి తగులుతుంది. అందుకని క్యారియర్లు మోసే మా పిల్లలందరికీ ఒక కేక ఉండేది. "పులుసు, పులుసు!" అని అరుస్తూ వెళ్లేవాళ్లం. ఉతికిన చొక్కా మీద వేడి పులుసు పడుతుందంటే ఎంతటివాడైనా పక్కకి జరుగుతాడు. నా శిక్షణ అంతా అదే. సదరు కార్యదర్శి ఆ శిక్షణలో ఏ పూటా పాల్గొనలేదు.

పైగా జూనియర్ల రాష్ట్ర జట్టు ఎంపిక పందేనికి రెండేళ్లు వరుసగా దరఖాస్తు పెడితే, నా సైకిల్ పందేనికి పనికిరాదని రెండుసార్లూ తిప్పి పంపారు. మూడో ఏడు పందెం జరిగే జిల్లా నుంచి ఇద్దరు ఉండి తీరాలని పైనుంచి నిబంధన రావడంతో గతిలేక రానిచ్చారు. మొదటి ముగ్గురికే రాష్ట్ర జట్టులో చోటు. నాకు పదిహేడు నిండాయి, జూనియర్‌గా అదే ఆఖరి ఏడు. వచ్చే నెల నుంచి నాన్న ఫ్యాక్టరీలోనే అప్రెంటిస్‌గా చేరాలని అప్పటికే ఖాయమైపోయింది. ఈసారి ముగ్గురిలో ఒకణ్ణి కాకపోతే సైకిల్ ఇక డ్యూటీకి వెళ్లడానికే.

సైకిల్ అంటే నాన్నదే. పటాన్‌చెరులో సైకిల్ షాపు నడిపే ఖాజా భాయ్ దాని మడ్గార్డులు, స్టాండు, వెనక క్యారేజీ ఊడదీసి, హ్యాండిల్ని తిరగేసి బిగించాడు. ఆదివారం పొద్దున ఏడింటికి షాపు ముందు చక్రం తిప్పి చూస్తూ, "చూడు బేటా, వాళ్ల సైకిళ్లకి గేర్లుంటయ్. నీకు లేవ్. పరేషాన్ గాకు. గేర్ లేనోనికి గేర్ ఖరాబ్ గాదు" అన్నాడు.

"గెలుస్తానా భాయ్?"

"గెలుపు నాకెర్కలే. చైన్ మాత్రం ఊడది. దాని జిమ్మేదారి నాది."

పందెం పదింటికి అన్నారు. పోటీదారులు పద్దెనిమిది మంది, ఎక్కువమంది నగరం నుంచి వ్యాన్లలో దిగారు. అందరికంటే మంచి సైకిల్ ఫణిది. సన్నటి టైర్లు, పది గేర్లు, ఎక్కడో విదేశంలో తయారైంది. ఫణి కార్యదర్శిగారి చెల్లెలి కొడుకు. ఆ సంగతి దాచేవాళ్లు ఎవరూ లేరు, వాళ్లకి దాచాలనీ లేదు.

పదిన్నర అయింది, జెండా ఊపాల్సిన ముఖ్య అతిథి రాలేదు. పదకొండున్నర అయింది, అప్పుడూ రాలేదు. కార్యదర్శి దగ్గరికి వెళ్లి, "సార్, ఇంకా ఆలస్యమైతే తిరుగు ప్రయాణంలో రెండింటి షిఫ్టు వదులుతారు. రోడ్డు నిండిపోతుంది" అన్నాను.

ఆయన చేతిగడియారం చూసుకోకుండానే నవ్వారు. "ఇవాళ ఆదివారమయ్యా. ఆదివారం ఫ్యాక్టరీలు ఎక్కడ నడుస్తాయి? వార్తాపత్రికలు చదువుతుండు కాస్త."

మా బెల్టులో కరెంటు కోత వల్ల ఒక్కో వరుస ఫ్యాక్టరీలకి ఒక్కో రోజు సెలవు. ఇస్నాపూర్ వైపు వాళ్లకి శుక్రవారం. అది ఏ పత్రికలోనూ రాయరు. అక్కడ పుట్టిన కోడిపిల్లకి కూడా తెలుసు. చెప్పబోయాను, ఆయన అప్పటికే వేరే ఎవరికో నమస్కారం పెడుతున్నారు. బస్టాండు మూల ఇడ్లీలు అమ్మే అవ్వ నన్ను పిలిచింది. "పొద్దటిసంది నిలబడ్డవ్, ఏమన్న తిన్నవా బిడ్డా?"

"పందెం ఉంది అవ్వా. తింటే కడుపు బరువైతది."

"ఉత్త కడుపుతోని ఉర్కినోడు ఎవడన్న గెలిసిండా? రెండు తిను. పైసలు గెలిసినంక ఇయ్యి." తిన్నాను. ఇన్నేళ్లలో శిక్షకులు నాకిచ్చిన సలహాలన్నిటిలోకీ పనికొచ్చింది అదొక్కటే.

పన్నెండింటికి అతిథి వచ్చారు, పావుగంట మాట్లాడారు, జెండా ఊపారు. ముత్తంగి దాటేదాకా అందరం గుంపుగానే ఉన్నాం. ఎదురుగాలి. ముందువాడి వెనక్కి చేరితే గాలి తగలదని పుస్తకాల్లో చదివాను గానీ, ఒంటికి తెలియడం అదే మొదటిసారి. ముందువాడి వెనక చక్రానికి జానెడు దూరంలో నా ముందు చక్రం, చెవుల్లో పద్దెనిమిది చైన్ల చప్పుడు. ఆ సంతోషం ఇప్పటికీ మాటల్లో పెట్టలేను. రుద్రారం తర్వాత రోడ్డు ఎత్తు ఎక్కుతుంది. అక్కడ ఫణి గేరు మార్చాడు, వాడితోపాటు ఇంకో నలుగురు. ఐదుగురూ నా కళ్ల ముందే చిన్నబడిపోయారు. నేను సీటు మీదినుంచి లేచి తొక్కినా దూరం తగ్గలేదు. కంది చేరేసరికి వాళ్లు కనిపించలేదు.

సంగారెడ్డి చౌరస్తాలో రోడ్డు నడుమ తారు డ్రమ్ము పెట్టారు. దాన్ని చుట్టి తిరగాలి. తిరిగినట్టు రుజువుగా అక్కడున్న వాలంటీరు మణికట్టుకి రిబ్బను కడతాడు. నాకు కడుతూ, "ఆరోవాడివి. వాళ్లు మూడు నిమిషాలు ముందున్నారు" అన్నాడు. ముగ్గురిలో చేరాలంటే ముగ్గుర్ని దాటాలి. ఒక్కడైనా కనుచూపులో లేడు. ఒక పక్క ఏడుపు వస్తోంది. ఇంకో పక్క గాలి ఇప్పుడు వీపు వెనక నుంచి తోస్తోంది, కందినుంచి రోడ్డు దిగుతోంది, సైకిల్ తనంతట తాను పోతోంది. ఏడవడానికి వీలుపడలేదు.

ఇస్నాపూర్ చౌరస్తాకి కాస్త ముందు సైరన్ వినపడింది. ఒకటి మోగితే ఇంకొకటి, దాని వెనక మరొకటి. రెండయింది.

అప్పటి షిఫ్టు వదలడం చూడనివాళ్లకి చెప్పినా ఊహకి అందదు. కార్మికుల చేతికి మోటారు సైకిళ్లు ఇంకా రాని కాలం. గేట్లు తెరవగానే వేలమంది సైకిళ్ల మీద బయటికి వస్తారు. చిట్కుల్ వెళ్లేవాళ్లు ఇటు, పటాన్‌చెరు వెళ్లేవాళ్లు అటు, నడుమ లారీలు. ఆ మనుషుల మధ్యలో మా ఐదుగురు వీరులూ ఒక కాలు నేల మీద పెట్టి నిలబడి ఉన్నారు. పందెం సైకిళ్లకి గంటలుండవు. ఫణి ఇంగ్లీషులో దారి ఇవ్వమంటున్నాడు. ముందున్న పెద్దాయన తీరిగ్గా వెనక్కి తిరిగి, "ఏంది సారూ, మేం గూడ ఇంటికే పోతున్నం" అన్నాడు.

నేను ఆగలేదు. ఆలోచించి చేసిన పని కాదు, నోటికి అలవాటైనది వచ్చేసింది. "పులుసు! పులుసు!"

దగ్గరున్న నలుగురు వెనక్కి చూడకుండానే పక్కకి జరిగారు. ఒకడు చూసి గుర్తుపట్టాడు. "అరే, మన క్యారియర్ పిలగాడు రా! జరుగుండ్రి, మీద పోస్తడు!"

"పులుసేది బే? ఒంటిమీద నిక్కరు దప్ప ఏం లేదు!"

"పందెమురా, పందెం తొక్కుతుండు. దారియ్యుండ్రి!"

ఇక ఆ కేక నాకంటే ముందు పరుగెత్తింది. నేను అరవక్కర్లేకపోయింది. ముందువాళ్లు ఇంకా ముందున్నవాళ్లకి అందించారు. "పులుసొస్తంది, పులుసు!" రోడ్డు నడుమ రెండడుగుల దారి తెరుచుకుంది, నేను పోతున్నకొద్దీ తెరుచుకుంటూనే ఉంది. ఒకాయన నవ్వుతూ, "ఇయ్యాల ఏం కూర తమ్మీ?" అన్నాడు. "చింతకాయ!" అని అరిచాను. ఆ వరుసంతా నవ్వింది. రెండు కిలోమీటర్లు అలా వెళ్లాను. జీవితంలో తర్వాత నాకు చాలామంది దారి ఇచ్చారు, ఏదో ఒక లెక్క చూసుకుని ఇచ్చారు. ఆ రోజు వాళ్లకి నా దగ్గర ఏ పనీ లేదు.

వెనక చప్పుడైతే తిరిగి చూశాను. ఫణి ఒక్కడే నా చక్రానికి అంటుకుని వస్తున్నాడు. మిగతావాళ్ల ముందు దారి మూసుకుపోయింది. పటాన్‌చెరు ముందు రోడ్డు ఖాళీ కాగానే వాడు గేరు మార్చి నన్ను దాటాడు. చక్రమంత తేడాతో గెలిచాడు. నేను రెండోవాణ్ణి. మూడోవాడు వచ్చేసరికి ఖాజా భాయ్ నన్ను భుజం మీదికి ఎత్తి దించడం కూడా అయిపోయింది.

అప్పుడు కార్యదర్శి గారు ప్రధాన న్యాయనిర్ణేత దగ్గరికి నడిచారు. ఆ జడ్జి రిటైరైన మిలిటరీ ఆయన, నిబంధనల పుస్తకం చంకలో పెట్టుకునే మనిషి. పందెంలో లేనివాళ్లు దారి ఇప్పించడం బయటి సాయం కిందికి వస్తుందని, నన్ను తీసేయాలని కార్యదర్శి వాదన. మూడోవాడు రెండోవాడవుతాడు, నాలుగోవాడికి జట్టులో చోటొస్తుంది.

జడ్జి నన్ను పిలిచి హిందీలో, అక్కడ ఏమని అరిచావని అడిగారు.

"పులుసు అన్నాను సార్."

ఆయనకి అర్థం కాలేదు. ఖాజా భాయ్ ముందుకొచ్చి, "ఖట్టా సాలన్, సాబ్" అని వివరించాడు. జడ్జి నవ్వలేదు. పుస్తకం తెరిచి, ఆ పేజీ రెండుసార్లు చదివి, సాయం పొందినవాణ్ణి తీసేయాలనే ఉందని చెప్పారు. కార్యదర్శి తల ఊపారు.

ఫణి నీళ్ల సీసా మూత బిగిస్తూ అక్కడే ఉన్నాడు. వాడూ హిందీలోనే అన్నాడు. "సార్, దారి వాడికి ఇచ్చారు, నిజమే. కానీ నేనూ అదే దారిలో వచ్చాను. వాడి వెనకే వచ్చాను. తీసేస్తే ఇద్దర్నీ తీసేయాలి."

జడ్జి పుస్తకంలోకి మళ్లీ చూసి, "కరెక్ట్. దోనోం" అన్నారు.

కార్యదర్శి గారి ముఖం చూడాల్సిన ముఖం. మేనల్లుణ్ణి చూశారు, నన్ను చూశారు, ఆకాశం చూశారు. తర్వాత గొంతు సవరించుకుని, రోడ్డు పరిస్థితులు ఎవరి చేతుల్లోనూ ఉండవు కదా, పిల్లల శ్రమ వృథా కాకూడదు అన్నారు. అభ్యంతరం ఎంత గట్టిగా పెట్టారో అంత గట్టిగా వెనక్కి తీసుకున్నారు. అభ్యంతరం లేకపోతే తీర్పూ లేదని జడ్జి పుస్తకం మూసేశారు. ఫణి నాకేసి చూసి భుజాలెగరేశాడు. ఆ ఒక్క మాట వల్ల, వాణ్ణి జీవితాంతం ద్వేషించుకునే సుఖం నాకు దక్కకుండా పోయింది.

జాతీయ పోటీల్లో నేను బాగా వెనకబడ్డాను, ఆ సంగతి ఆ సంచికలో రాయలేదు. అప్రెంటిస్‌గా నెల ఆలస్యంగా చేరాను. ఆ మరుసటి ఏడే సైకిల్‌కి మళ్లీ మడ్గార్డులు వచ్చాయి. ముప్పై ఏడేళ్లు అదే గేటులోంచి అదే రోడ్డు మీదికి వచ్చాను. విచారించలేదు. పుస్తకాల్లో విజయాల గురించి చాలా చదివాను. వాటిలో ఎక్కువమంది ఒంటరిగా గెలుస్తారు, ఆ తర్వాత ఒంటరిగా కూర్చుని రాసుకుంటారు. నాకు ఆ రెండు కిలోమీటర్లూ వేలమంది తోడున్నారు. నన్ను ఎవరో కనిపెట్టారని అచ్చువేయాలంటే వాళ్లందరి పేర్లూ వేయాలి. ఆ సంచికలో అన్ని పేజీలు లేవు. కార్యదర్శి గారికి ఎనభై ఐదేళ్లు, ఆరోగ్యంగా ఉన్నారు. ఈ వ్యాసం ఆయనకి పోస్టులో పంపుతున్నాను, కళ్లద్దాలు అవసరం లేకుండా పెద్ద అక్షరాల్లో.

వెళ్లాలనుకునే పిల్లలకి ఒక్క సూచన. పటాన్‌చెరులో తెల్లవారుజామున ఐదున్నరకి బయల్దేరితే ఎండ ముదరకముందే తిరిగి వస్తారు. అలా కుదరకపోతే, ఇస్నాపూర్ చౌరస్తా మధ్యాహ్నం ఒకటిన్నరలోపు దాటండి, లేదా టీకొట్టులో కూర్చుని మూడింటికి కదలండి. ఆదివారం కదా అని మాత్రం అనుకోకండి. అక్కడ సెలవు ఏ రోజో ముందు రోజే అక్కడివాళ్లనే అడగండి.