తాడు పట్టుకున్న ఏలి

ఆ కొండమీది ధ్యానకేంద్రంలో టేకాకులు ఊడ్చేది ఏలి. గంట కొట్టేదీ ఏలే. క్రైస్తవ వేదాంత సభలకని ఎక్కడెక్కడి పండితులో వచ్చి పొద్దంతా చెట్ల కింద మౌనంగా కూర్చుంటారు. మధ్యాహ్నం గంట మోగేదాకా పెదవి విప్పకూడదు, అన్నానికి లేవకూడదు. బిషప్పులైనా సరే, ఏలి తాడు లాగితేనే లేచేది.

ఇంతా చేసి, అరవై దాటిన ఆ మనిషిని అందరూ ఉత్త ఏలీ అనే పిలుస్తారు. వంటగది చూసే తంకమ్మ ఆమెకంటే పదేళ్లు చిన్నది. కానీ పేరున్న పాత సిరియన్ క్రైస్తవ కుటుంబంలో పుట్టింది కదా, తోటమాలి దగ్గర్నుంచి అచ్చన్ అని అందరూ పిలిచే ఫాదర్ దాకా ఆమెను 'చేడత్తీ' అంటారు, పెద్దక్కా అన్నంత మర్యాదగా. ఏలి కూడా ఇన్నేళ్లూ అలాగే పిలిచింది. ఏలి వాళ్లు పులయలు, ఒకప్పుడు అంటరానివాళ్లని దూరం పెట్టిన కులం. తాత కాలంలో బాప్తిస్మం తీసుకున్నారు. నెత్తిన నీళ్లయితే పడ్డాయిగానీ పిలుపు మారలేదు. ఏలి తల్లి పండుముసలిదై కూడా ముక్కుపచ్చలారని పిల్లల చేత పేరు పెట్టి పిలిపించుకుంటూనే పోయింది. అది తలుచుకుంటే ఏలికి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఈసారి సభకు హాలు ముందు పెద్ద బ్యానర్ కట్టారు: 'పేరు పెట్టి పిలిచే దేవుడు'. నిచ్చెన ఎక్కి కట్టింది కేంద్రం నడిపే స్కరియా అచ్చన్, ఏలి కొడుకు ఈడువాడు. కింద నిచ్చెన పట్టుకున్నది ఏలి.

"ఏలీ, గట్టిగా పట్టుకో."

"పట్టుకున్నాలే అచ్చో. దిగాక ఒక మాటుంది."

దిగాక చెప్పింది. "రేపట్నుంచి నన్ను కూడా చేడత్తి అనే పిలవండి."

అచ్చన్ నవ్వాడు. "దేవుడే పేరు పెట్టి పిలుస్తాడని పైన రాసుంది కదా ఏలీ."

"ఆయన పిలవొచ్చు. ఆయన నాకంటే పెద్దవాడు."

మర్నాడు మధ్యాహ్నం ఏలి గంట గద్దె మీద కూర్చుని తాడును మణికట్టుకు చుట్టుకుంది. వంటగదిలో కర్రపెండలం ఉడికింది, చేపల పులుసు దిగింది. గంట మాత్రం మోగలేదు. అచ్చన్ గబగబా వచ్చాడు. మౌనం పాటించే వేళ కాబట్టి కోపం కూడా గుసగుసల్లోనే పడాల్సి వచ్చింది.

"గంట కొట్టు ఏలీ."

ఏలి రాలుతున్న ఆకుల్ని చూస్తూ కూర్చుంది.

"నిన్నే. పని ఉండాలా వద్దా?"

పని పోతే వెనకున్న గదీ పోతుంది. అది తెలిసే వచ్చింది ఏలి.

"పెట్టె సర్దుకునే వచ్చాను అచ్చో."

అచ్చన్ తాడు లాక్కుందామని చెయ్యి చాచాడు. చెట్ల కింద పండితులు ఒక్కొక్కరే కళ్లు తెరుస్తున్నారు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఇంతలో తంకమ్మ గరిటెతోనే వచ్చి, గొంతు తగ్గించే కసిరింది. "ఏమే ఏలీ, అక్కడ పెండలం రాయవుతుంటే ఇక్కడ నీ వేషాలేంటి?"

"ఆమెను చేడత్తి అనాలట" అన్నాడు అచ్చన్ నీరసంగా.

తంకమ్మ నోరు తెరిచింది. "అది చేడత్తైతే మరి నేనెవర్ని?"

"నాకంటే చిన్నదానివి" అంది ఏలి.

ఎవరో పండితుడి కడుపు గుర్రుమంది. ఆ నిశ్శబ్దంలో అది అందరికీ వినిపించింది. అచ్చన్ తల వంచుకుని, పెదవుల మధ్యే అన్నాడు. "చేడత్తీ, గంట."

"వినపడలేదు."

అచ్చన్ చెవులు ఎర్రబడ్డాయి. బ్యానర్ వంక ఒకసారి చూశాడు. ఆ రోజు మౌనాన్ని మొదట భంగం చేసింది ఆయనే.

"ఏలి చేడత్తీ, గంట కొట్టండి!"

చెట్ల కింద ఉన్నవాళ్లందరూ విన్నారు. ఈ పిలుపు వినడానికి అమ్మ లేదు కదా అనుకుంది ఏలి. నెమ్మదిగా లేచి, చీర దులుపుకుని, వంటమనిషి వైపు తిరిగింది.

"తంకమ్మా, పోయి ఆకులు వెయ్యి."

తంకమ్మ అచ్చన్‌ని చూసింది. ఆయన తల ఎత్తలేదు. గరిటె కొంగు చాటున పెట్టుకుని లోపలికి నడిచింది.

ఏలి తాడు లాగింది. పండితులు వచ్చి, కూర్చుని, అన్నంలో చెయ్యి పెట్టాక కూడా గంట మోగుతూనే ఉంది.