అల్లం కూరగాయా, మసాలానా?

మొన్న మార్కెట్లో మట్టి ఇంకా వదలని పచ్చి అల్లం కొమ్మొకటి విరిచి వాసన చూస్తూ నిలబడిపోయాను. "కొంటవా, వాసన జూసి పోతవా?" అని కూరగాయలమ్మే ఆమె గదిమింది. ఆమెకేం తెలుసు, ఆ ఘాటు ముక్కుకెక్కగానే నేను జహీరాబాదులో మా బాపు అల్లం మండీ వెనక, గోనె సంచుల గుట్టమీద ఉన్నానని.

చలి మొదలైతే మొగుడంపల్లి, న్యాల్‌కల్ దిక్కునుంచి అల్లం బండ్లు వచ్చేవి. ఎడ్ల మెడలోని గంటలు, తడిమట్టి వాసన, అల్యూమినియం కెటిల్లో మరుగుతూనే ఉండే చాయ్, ఆ సందట్లో మేం పిల్లలం కుప్పల మధ్య దాగుడుమూతలు ఆడుతూ బాతు ఆకారంలో ఉన్న అల్లం కొమ్ము నాదంటే నాదని జుట్లు పట్టుకునేవాళ్లం. తిట్లు తెలుగులో, ఉర్దూలో, కన్నడలో పడేవి. మాకు ఏ భాషలోనూ సిగ్గు రాలేదు.

పండుగలన్నింటిలో నాకు ప్రాణం ఎల్ల అమావాస్య. ఆరోజు ఊరు ఊరంతా చేలల్లోనే. చిరాగ్‌పల్లి దగ్గరి మా చేనుకు అమ్మ నువ్వులద్దిన సజ్జ రొట్టెలు, చల్ల కలిపిన అంబలి, ఆ కాలాన చేతికందిన ప్రతి కూరగాయా, పచ్చి గింజా వేసి ఉడికించిన బజ్జి కుండా తెచ్చేది. దారినపోయేవాళ్లనైనా పిలిచి వడ్డించాల్సిందే.

నేను పదో తరగతిలో ఉన్న ఏడాది ఆ విందుకు బాపు తన వకీల్ సాబ్‌ను పిలిచాడు. హైదరాబాదులో అమ్మకం పన్ను కేసులు చూసే పెద్దాయన, తెల్ల షేర్వానీ, జేబులో తమలపాకుల డబ్బీ. అప్పుడు బాపు మీద ఒక కేసు నడుస్తోంది. కూరగాయలకు పన్ను లేదు, మసాలాలకు ఉంది. అల్లం మసాలా అని ఆఫీసరు, కూరగాయ అని బాపు.

రొట్టె తుంచుతూ వకీల్ సాబ్ నన్ను ఆటపట్టించాడు. "నువ్వు జెప్పు బేటీ, అల్లం ఏంది?"

"బజ్జిల ఏస్తే కూరగాయ, చాయ్‌ల ఏస్తే మసాలా" అన్నాను.

ఆయన పొలమారేదాకా నవ్వాడు. "రెండు దిక్కుల ఫీజు తీస్కుంటది మీ బిడ్డ. వకాలత్ చదివించున్రి."

 ఆయన మా మండీకి వచ్చిపోవడం చూసినప్పట్నుంచీ నా కోరిక అదే, చెప్పే ధైర్యమే లేదు. బాపు ఆలోచనేమో ఇంటర్‌తో చాలించి పెళ్లి చేయాలని.

"ఆడపిల్ల ఖూనీకోర్ల నడుమ ఎట్ల నిలవడ్తది సాబ్?" అన్నాడు బాపు, చెయ్యి కడుక్కోకుండానే.

"మా దగ్గరికి ఖూనీలు యాడికెల్లి వస్తయ్ సేటూ? అల్లం, బెల్లం, మిరపకాయ. గంతే. ఫికర్ జేయకు."

తన కేసు పన్నుదే అయినా వకీలంటే ఖూనీ కేసులేనని నమ్మిన మా బాపు ఆ మాటను పొద్దుగూకేదాకా నమిలాడు. తిరుగుదారిలో బండి తోలుతూ అన్నాడు: "చదువు. గని ఖూనీల దిక్కు పోవద్దు."

ఆ షరతు మీదే బీకాం చదివాను, లా చదివాను. వకీల్ సాబ్ దగ్గరే జూనియర్‌గా చేరి ఆయన ఫైళ్లు మోశాను, ఆయన చీవాట్లూ తిన్నాను. అల్లం కేసు అప్పటికే ఆయన గెలిచేశాడు. నాకు మొదట దక్కింది ఒక మిరపకాయల వ్యాపారి కేసు. పన్ను అప్పీళ్లు వినే ఆఫీసరు ముందు నేను వాదిస్తుంటే చెప్పాపెట్టకుండా వచ్చిన బాపు, తలపాగా సర్దుకుంటూ వెనక బెంచీ మీద కూర్చున్నాడు.

"అయిపాయెనా? ఒక్కలన్న మొత్తుకోలేదేంది?" అన్నాడు బయటికొచ్చాక, కొంచెం నిరాశగా. ఊరికెళ్లి మాత్రం మండీ అంతా చాటాడు: "మా బిడ్డ మాట్లాడ్తాంటే ఆఫీసరు రాస్కుంటనే ఉండె." అంత సంతోషం నేను మళ్లీ ఎరగను. ఆ తర్వాత హైదరాబాదు ఎప్పుడొచ్చినా ఆ బెంచీ ఆయనదే.

ఇప్పుడు బాపు లేడు, వకీల్ సాబ్ లేడు, చేను ప్లాట్లయింది, మేం కొట్లాడిన ఆ అమ్మకం పన్ను కూడా పోయి కొత్త పన్ను వచ్చింది. విచారణలు చాలావరకు కంప్యూటర్ తెర మీదే, ఇంట్లో కూర్చునే మాట్లాడుతున్నాను. వాదన బాగా కుదిరిన రోజున మాత్రం అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి చూస్తాను. మా ఇంటి గోడ కనిపిస్తుంది.